ఎంత పడుకున్నా నీరసం, బుర్ర మొద్దు: పాలకొల్లు అమ్మాయికి జవాబు

చెల్లీ, ఇంగ్లండు వచ్చాక పది గంటలు పడుకున్నా లేచేసరికి ఒళ్ళు పీకేసినట్టుంటోందని, పేజీ మూడుసార్లు చదివినా బుర్రకెక్కట్లేదని రాశావు. చలి అలవాటు లేక అని నీ రూమ్మేటు అంటోందట. నేనూ అలాగే అనుకుని నాలుగు నెలలు పాడుచేసుకున్నాను.

మాది రాజోలు దగ్గర. 2016లో చదువుకోడానికి ఇక్కడి లెస్టర్ నగరానికి వచ్చాను, నాన్న కొబ్బరితోట తాకట్టు పెట్టి పంపారు. అందుకని ఏది కొనబోయినా ముందు రూపాయల్లో లెక్కేసేదాన్ని. గుడ్ల పెట్టె చేతిలోకి తీసుకుని, ఆ డబ్బుతో మా ఊళ్ళో ఎన్ని వస్తాయో లెక్కేసి, మళ్ళీ అరలో పెట్టేసేదాన్ని. రెండు పూటలా అన్నం, ఆవకాయ, పెరుగు. తిన్న వెంటనే గ్లాసుడు టీ. కాలవ చేప, పెరట్లో తోటకూర తిని పెరిగిన ఒంటికి అది ఏం సరిపోతుంది? పైగా రాత్రి పన్నెండున్నరకి మేలుకుని ఇంటికి ఫోను. అమ్మకి అప్పుడు ఉదయం ఆరు, వాకిలి ఊడుస్తూ మాట్లాడేది.

జనవరిలో ఒకరోజు కొట్లో డబ్బు కట్టబోతే, రోజూ కొట్టే పిన్ను గుర్తు రాలేదు. నాలుగు అంకెల్లో ఒక్కటీ రాలేదు. వేలు మీట మీదే ఆగిపోయింది. వెనకున్న పెద్దావిడ "పర్లేదమ్మా, నెమ్మదిగా చూసుకో" అంది. సరుకులక్కడే వదిలేసి బస్టాపులో కూర్చుని ఏడ్చాను.

అప్పుడు కూడా డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు, బిల్లెంత వేస్తారోనని భయం. భీమవరం అక్క ఒకావిడ గట్టిగా తిట్టింది: "వీసాతోపాటు ఆరోగ్యానికి కట్టిన డబ్బు దేనికనుకున్నావు?" అప్పట్లో విద్యార్థులకి అది ఏడాదికి 150 పౌండ్లు. ఇప్పుడు 776 అయింది. అంత కట్టి జీపీ (మనముండే చోటి మామూలు డాక్టరు) దగ్గర పేరు నమోదు చేసుకోకుండా కూర్చుంటావా? డాక్టరుని కలవడానికి, రక్తపరీక్షకి మళ్ళీ డబ్బు అడగరు. ఇంగ్లండులో మందులకి మాత్రం కొంత కట్టాలి. మిగతా నిబంధనలు ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ సైటులో ఉన్నాయి, చూసుకో.

పరీక్షలో నా హిమోగ్లోబిన్ మన లెక్కలో తొమ్మిది. ఇనుము నిల్వ అడుగంటింది, విటమిన్ డి కూడా తక్కువే. అన్నంతోపాటు టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదని ఆ రోజే తెలిసింది. డి సంగతి వేరు. మన డెల్టాలో డిసెంబరు ఎండ కూడా సరిపోతుంది. ఇక్కడ అక్టోబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా ఎండలో నిలబడినా డి సరిపడా తయారు కాదు. రోజుకి 10 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోమంటారు, మన రంగు వాళ్ళకి ఏడాది పొడవునా మంచిదంటారు. ఇనుము మాత్రలతో మూడు వారాలకి మెట్లెక్కగలిగాను. బుర్ర తేటపడటానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

అయితే నాది రక్తహీనత అని నీదీ అదే అనుకోకు. మీ వయసు పిల్లలు వీడియో చూసి జబ్బు తేల్చేసుకుంటారు, అది వద్దు. థైరాయిడ్, బి12, నిద్ర, దిగులు, వీటిలో ఏదైనా కావచ్చు. చిన్నప్పటి నుంచి శాకాహారివైతే బి12 సంగతి నువ్వే చెప్పు. నెలసరి ఎక్కువగా అవుతుంటే సిగ్గుపడకుండా చెప్పు. ఊపిరాడనంత ఆయాసం, గుండెల్లో నొప్పి వస్తే మాత్రం ఆగకు, ఇక్కడి అత్యవసర నంబరు 999కి ఫోను చెయ్యి.

జీపీ దగ్గర చాలా చోట్ల పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్లు తీస్తారు. లైను బిజీగా ఉంటుంది, పెట్టెయ్యకు. ఈ నెల ఇంటికి యాభై పౌండ్లు తక్కువ పంపి గుడ్లు, పప్పులు, ఆకుకూరలు కొనుక్కో. నాన్నగారికి చెప్పడానికి మొహమాటమైతే నంబరివ్వు, ఆయనతో నేను మాట్లాడతాను.