మూగబోయిన బోర్డు: మేనకోడలికి ఉత్తరం

విజయనగరం

అమ్మా,

"మావయ్యా, బోర్డు పోనాది" అని నువ్వు రాత్రి పన్నెండింటికి పంపిన మెసేజ్ పొద్దున్నే చూశాను. నువ్వు కంపైల్ చేసిన కొత్త లైనక్స్ కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి భాగం) కార్డులో పెడితే నీ బీగల్‌బోన్ బ్లాక్ అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఏమీ పలకడం లేదన్నావు. ఫోన్‌లో చెబితే సగం జారిపోతుంది, అందుకే రాస్తున్నాను. బోర్డు పోలేదు. పాత కార్డు పెడితే మామూలుగా లేస్తోందని నువ్వే అన్నావు. యూబూట్ (కెర్నల్‌ను లోడ్ చేసి మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) మెసేజ్‌లు కనిపిస్తున్నాయంటే, వాటిని నీ తెరమీదికి తెచ్చే సీరియల్ కేబుల్ కూడా బాగానే ఉంది. కొత్త బోర్డు ఆర్డర్ పెట్టకు.

నాకు బెంగ కలిగించింది ఇంకో మాట. సాయంత్రం నుంచి ఆరుసార్లు కాన్ఫిగ్ (కెర్నల్‌లో ఏ భాగాలు చేర్చాలో చెప్పే ఫైల్) మార్చి ఆరుసార్లు కంపైల్ చేశానన్నావు. ఇక ఆపు. ఎక్కడ ఆగిందో తెలియకుండా మార్చిన ప్రతి ఆప్షనూ రేపు ఇంకో అనుమానమై కూర్చుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ పలాసలో కరెంటు పోయింది కదా. అలాంటప్పుడు లైన్‌మన్ వచ్చి మన ఇంట్లో బల్బులు మార్చడు. సరఫరా ఎక్కడి దాకా వచ్చిందో చూసుకుంటూ వస్తాడు. నువ్వూ అదే చెయ్యాలి. మొదట పనిచేసిన కాన్ఫిగ్‌ను మళ్లీ పెట్టుకో.

నీ తెరమీద చివరి మాట "స్టార్టింగ్ కెర్నల్". అది యూబూట్ చెప్పే ఆఖరి మాట. ఆ తర్వాత నిశ్శబ్దం అంటే కెర్నల్ నడవలేదని కాదు, దాని మాట నీకు వినిపించలేదని. ఈ తేడా తెలియక నేను నాలుగు రాత్రులు పోగొట్టుకున్నాను. నాదీ నీలాగే బీగల్‌బోన్ బ్లాకే. నాలుగో రాత్రి విసిగి లైటు ఆర్పేశాక, చీకట్లో బోర్డు మీద ఒక చిన్న ఎల్‌ఈడీ గుండెలా రెండేసి దడలు కొట్టడం చూశాను. అది హార్ట్‌బీట్ ఎల్‌ఈడీ. దాన్ని అలా వెలిగించేది కెర్నలే. అంటే అన్ని రాత్రులూ కెర్నల్ నడుస్తూనే ఉంది! బూట్‌ఆర్గ్స్‌లో, అంటే యూబూట్ కెర్నల్‌కి అందించే సూచనల వరుసలో, కన్సోల్ (కెర్నల్ మాటలు బయటికి వచ్చే సీరియల్ పోర్టు) పేరు పాత పద్ధతిలో టీటీవైఓ0 అని ఉండిపోయింది. ఆ పోర్టును నడిపే కొత్త డ్రైవర్ దాన్ని టీటీవైఎస్0 అంటుంది. పాత పేరును కొత్తదిగా మార్చే ఆప్షన్ కెర్నల్‌లో ఉంది కానీ, అవసరం లేదనుకుని నేనే తీసేశాను. ముందు నీ బోర్డు ఎల్‌ఈడీలు చూడు, కన్సోల్ పేరు చూడు.

అక్కడ తప్పు లేకపోతే బూట్‌ఆర్గ్స్‌లో 'ఎర్లీకాన్' అని ఒక్క మాట చేర్చు. అసలు సీరియల్ డ్రైవర్ లేవకముందే కెర్నల్ మాట్లాడటం మొదలుపెడుతుంది. ఏ యూఆర్ట్‌లో (సీరియల్ పోర్టులో) మాట్లాడాలో డివైస్ ట్రీలోనే, అంటే బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఎక్కడుందో కెర్నల్‌కి చెప్పే ఫైల్‌లోనే, రాసి ఉంటుంది.

దానికీ పలకకపోతే ఒక ఉపాయం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. కెర్నల్ తెరమీద చూపించలేని మాటలన్నీ మెమరీలో ఒక బఫర్‌లో రాసుకుంటుంది. నీ బిల్డ్‌లోని సిస్టమ్ మ్యాప్ ఫైల్‌లో (కెర్నల్‌లోని పేర్లూ వాటి అడ్రస్‌లూ ఉండే జాబితా) '__log_buf' అనే పేరు, ముందు రెండు అండర్‌స్కోర్‌లు ఉన్నదే, వెతికి దాని అడ్రస్ రాసుకో. అది సీ అక్షరంతో మొదలవుతుంది. ఈ బోర్డులో ర్యామ్ 8తో మొదలయ్యే అడ్రస్ దగ్గర ఉంటుంది కాబట్టి ఆ సీ బదులు 8 పెట్టు. ఇప్పుడు బోర్డు అలా ఆగిపోయి ఉండగానే, కరెంటు తీయకుండా, రీసెట్ బటన్ నొక్కి యూబూట్ దగ్గర ఆపు. కెర్నల్ మళ్లీ లోడ్ చెయ్యకు. మెమరీని చూపించే 'ఎండీ' కమాండ్‌తో ఆ అడ్రస్ చూడు. కరెంటు పోలేదు కాబట్టి చాలాసార్లు ర్యామ్‌లోని రాత అలాగే ఉంటుంది. ఏ డ్రైవర్ దగ్గర ఆగిందో కుడివైపు అక్షరాల్లో చదువుకోవచ్చు.

అక్కడ కూడా అర్థమయ్యే మాట లేకపోతే నేను ముందుగా అనుమానించేది డీటీబీ ఫైల్‌ని, అంటే కంపైల్ అయిన డివైస్ ట్రీని. నువ్వు కొత్త కెర్నల్‌కి మారానన్నావు. 2023లో వచ్చిన 6.5 కెర్నల్ నుంచి 32 బిట్ ఆర్మ్ డీటీఎస్ ఫైళ్లను (డివైస్ ట్రీ సోర్స్) కంపెనీలవారీ ఫోల్డర్లలోకి మార్చారు. మనది టీఐ (మన బోర్డు చిప్ చేసిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్) కింద ఓమ్యాప్ ఫోల్డర్‌లోకి వెళ్లింది. నీ కాపీ స్క్రిప్ట్ ఇంకా పాత చోటునే చూస్తుంటే, అక్కడ మిగిలిపోయిన పాత డీటీబీని ఏ ఎర్రరూ చెప్పకుండా కార్డులో పెడుతుంది. ఫైల్ తేదీ చూస్తే తెలిసిపోతుంది. కెర్నల్, డీటీబీ, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) లోడ్ అయ్యే అడ్రస్‌లు ఒకదాని మీద ఒకటి పడటం లేదు కదా అని కూడా చూసుకో.

ఒకసారి మాట్లాడటం మొదలుపెడితే మిగతాది తేలిక. బహుశా రూట్ ఫైల్‌సిస్టమ్ దొరకలేదని పానిక్ (కెర్నల్ ఇక ముందుకు సాగలేక ఆగిపోతూ ఇచ్చే ఎర్రర్) వస్తుంది. అప్పుడు టెన్షన్ పడకుండా బ్రాకెట్లో ఉన్న రెండు అంకెలు చూడు. 0, 0 అయితే నువ్వు చెప్పిన డివైసే దానికి కనబడలేదు. కార్డు డ్రైవర్ కెర్నల్‌లోకి నేరుగా కాకుండా విడిగా లోడ్ చేసే మాడ్యూల్‌గా వెళ్లిందేమో, కార్డు కనబడేదాకా ఆగమని బూట్‌ఆర్గ్స్‌లో చెప్పే 'రూట్‌వెయిట్' మరిచావేమో చూడు. 179తో మొదలైతే కార్డు కనబడింది, ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ సపోర్టో పార్టిషన్ నంబరో తప్పు. కార్డుకీ ఈఎమ్ఎమ్‌సీకీ (బోర్డు మీదే ఉన్న స్టోరేజ్) నంబర్లు కెర్నల్ మారితే తారుమారు కావచ్చు, అందుకని నేనెప్పుడూ ఆ పార్టిషన్‌కే ఉండే గుర్తు పార్ట్‌యూయూఐడీనే రాస్తాను.

చూసిందంతా తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయి. సిరిమానోత్సవానికి అమ్మతో వస్తానన్నావు కదా. జీడిపప్పు ఆరబెట్టే గది సెన్సర్లు అక్కడే ఉంచి, బోర్డు, కేబుల్, ఆ నోట్‌బుక్ తెచ్చుకో. ఈలోగా లాగ్‌లో ఏమన్నా దొరికితే ఫొటో వద్దు, అక్షరాలే కాపీ చేసి పంపు.

మీ మావయ్య