సీసపు రౌతులకు మళ్లీ రంగు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం నెపోలియన్ కాలపు గుర్రపు దళాల బొమ్మల గురించే. 1970ల నాటి 25 మి.మీ. లోహపు రౌతులు, ఎయిర్‌ఫిక్స్ అనే బ్రిటిష్ కంపెనీ మెత్తటి ప్లాస్టిక్ రౌతులు మన జిల్లాల్లోనూ చాలా ఇళ్లలో ఉన్నాయని తెలిసి సంతోషం వేసింది. వాటిని అలంకారానికి కాక బల్లమీద ఆటకు దించాలనుకునేవారికి ఈ జవాబులు.

కావలి నుంచి ఒక పాఠకుడు: మా మేనమామ ఇచ్చిన పాత లోహపు రౌతుల్ని అట్టపెట్టెలో పెట్టి చెక్క బీరువాలో ఉంచాం. ఇప్పుడు గుర్రాల పొట్టకింద తెల్లటి పొడి, బుడిపెలు లేచాయి. చింతపండుతో తోమితే పోతుందా?

చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ వేటి జోలికీ పోకండి. ఇత్తడి బిందెకు పనికొచ్చే పులుపు సీసాన్ని తినేస్తుంది. మీ బొమ్మలకు పట్టింది కూడా ఒక రకంగా ఆ జబ్బే. చెక్క, ప్లైవుడ్, అట్ట, ఫెవికాల్ లాంటి జిగుర్ల నుంచి ఎసిటిక్ ఆమ్లం ఆవిరి సన్నగా వస్తూ ఉంటుంది. మూసిన పెట్టెలో అది బయటికి పోదు. దానికి మన కోస్తా తేమ, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తోడైతే సీసం మెల్లగా తెల్లటి కార్బొనేటు పొడిగా మారిపోతుంది. రంగు పడని చోటే ముందు మొదలవుతుంది కాబట్టి పొట్టకింద, పీఠం అడుగున కనిపించింది.

ఆ పొడి విషం. ఊదకండి, పొడిగా గీకకండి, గరుకు కాగితం అసలు వాడకండి. చేతికి తొడుగులు వేసుకుని, బొమ్మను నీళ్లలో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో తడిమీదే తోమండి. గుంట లోపలి పొడిని పుల్లతో తీయండి. ఆ నీళ్లు వంటింటి సింకులో పోయకుండా మూత ఉన్న డబ్బాలో పట్టి ఉంచండి. పిల్లల్ని ఆ బల్ల దగ్గరికి రానివ్వకండి. తర్వాత మంచినీళ్లతో కడిగి, ఒక పూట ఫ్యాను కింద ఆరబెట్టి, ఆలస్యం చేయకుండా ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగుపూత) వేయండి. పొట్టకింద, పీఠం అడుగున కూడా పడాలి. ఒక్క చోట వదిలినా మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది. ఇకమీదట ప్లాస్టిక్ డబ్బాలోనో రేకు పెట్టెలోనో దాచండి. బీరువా ఎంత మంచి టేకుదైనా వద్దు.

మీ బొమ్మల్లో సీసం ఎంతుందో అంచనాకు ఒక సులువు: రంగు లేని అంచును తెల్లకాగితం మీద గీయండి. పెన్సిల్ గీసినట్టు బూడిదరంగు చార పడితే సీసం ఎక్కువ. తగరం ఎక్కువైతే చార పడదు, లేదా చాలా పలచగా పడుతుంది.

నెల్లూరు నుంచి: పాత ఎనామిల్ రంగు మందంగా పేరుకుపోయి మొహాలు కనిపించడం లేదు. డెటాల్‌లో నానబెట్టమన్నారు. నానబెట్టి కుళాయి కింద కడిగితే బంకబంకగా అంటుకుపోయింది.

డెటాల్ సలహా మంచిదే, తేడా కడగడంలో వచ్చింది. మెత్తబడిన రంగుకు డెటాల్ ఉండగానే నీళ్లు తగిలితే తారులా అంటుకుంటుంది. నీళ్లు కలపని ముదురు డెటాల్‌లో, గాజు సీసాలో, కనీసం 24 గంటలు ఉంచండి. పాత ఎనామిల్‌కి రెండు మూడు రోజులు కూడా పడుతుంది. తీశాక బ్రష్‌ను డెటాల్‌లోనే ముంచి తోమాలి. రంగు పూర్తిగా వదిలాక ఇంకోసారి కొత్త డెటాల్‌లో ముంచి, గుడ్డతో తుడిచి, అప్పుడే గిన్నెలు తోమే ద్రవంతో, నీళ్లతో కడగండి. ఇప్పుడు అంటుకున్న బంకకు కూడా ఇదే మందు: మళ్లీ డెటాల్‌లో ముంచండి. ఎసిటోన్ త్వరగా పనిచేస్తుంది కానీ లోహానికి మాత్రమే. గట్టి ప్లాస్టిక్ బొమ్మ అందులో కరిగిపోతుంది.

ఒక్క మనవి. పాత రంగు పలచగా, శుభ్రంగా ఉంటే తీయకండి. యాభై ఏళ్ల కిందట ఎవరో శ్రద్ధగా వేసిన మొహాన్ని గీకేస్తే అది మళ్లీ రాదు. సబ్బునీళ్లతో తుడిచి, ఊడిన చోట రంగు అద్ది, పైన వార్నిష్ వేస్తే చాలు.

ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు: గుర్రం కాలు గిట్ట పైన విరిగింది. రౌతు చేతిలో బల్లెం లేదు. ఫెవిక్విక్‌తో అంటిస్తే ఆటలో మొదటి దెబ్బకే ఊడిపోతోంది.

ఫెవిక్విక్ గట్టిదే కానీ పెళుసు, అడ్డంగా తగిలే దెబ్బకు నిలవదు. లోపల తీగ ఉండాలి. కంసాలి సామాన్లు అమ్మే కొట్లో చేతితో తిప్పే చిన్న బర్మా, 0.6 మి.మీ. ముక్కు, 0.5 మి.మీ. ఇత్తడి తీగ దొరుకుతాయి. విరిగిన ముఖాల్లో ఒకదాని నడుమ తడి రంగు చుక్క పెట్టి రెండోదాన్ని దానికి నొక్కండి. చుక్క అటు దిగుతుంది. ఆ రెండు చుక్కల మీదే రంధ్రాలు వేస్తే కాలు వంకర పోదు.

రెండువైపులా 3 మి.మీ. లోతు చాలు. కరెంటు డ్రిల్లు వద్దు, వేడికి సీసం మెత్తబడి ముక్కుకు చుట్టుకుంటుంది, ముక్కు లోపలే విరుగుతుంది. బర్మాకు కొబ్బరినూనె చుక్క తగిలించి, నాలుగు తిప్పులకోసారి బయటికి తీసి పొట్టు దులపండి. ఆ నూనెను స్పిరిట్‌తో తుడవకపోతే జిగురు పట్టదు. తర్వాత అరాల్డైట్ రెండు ట్యూబులూ సమానంగా కలిపి, తీగకు రాసి, గుచ్చి, 24 గంటలు కదపకండి. సందు మిగిలితే ఎం-సీల్ నింపి, తడివేలితో నునుపు చేయండి. టంకం మాత్రం పెట్టకండి. సీసం, తగరం కలిసిన లోహం 183 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరగడం మొదలవుతుంది, గుర్రం కాలు చుక్కై కారిపోతుంది.

బల్లేనికి 0.8 మి.మీ. గట్టి తీగ వాడండి. అసలు ఫ్రెంచి బల్లెం సుమారు 2.75 మీటర్లు, 1/72 కొలతలో (అసలులో 72వ వంతు) 38 మి.మీ. దాకా వస్తుంది. కొనను సుత్తితో నెమ్మదిగా చదును చేసి ఆకురాయితో మొన తీర్చండి. పిల్లలు ఆడే బల్ల అయితే మొనను గుండ్రం చేయండి. రౌతు పిడికిలిలో రంధ్రం వేసేటప్పుడు వేళ్ల మధ్యనుంచి కాక, బొటనవేలి వైపునుంచి మొదలుపెడితే చేయి చీలదు.

కందుకూరు నుంచి: ఫ్రెంచి కిరాసియర్లకు (ఛాతీకి ఉక్కు కవచం తొడిగే రౌతులకు) ఏ రెజిమెంటుకు ఏ రంగు? గుర్రాలన్నీ ఒకే గోధుమరంగులో వస్తున్నాయి.

1812 నిబంధనల ప్రకారం కాలరు, అంచుల రంగు ఇలా: 1 నుంచి 3 వరకు మెరిసే ఎరుపు (స్కార్లెట్), 4 నుంచి 6 నారింజ ఛాయ, 7 నుంచి 9 పసుపు, 10 నుంచి 12 గులాబీ, 13వ దానికి ద్రాక్షసారా రంగు. కోటు అందరికీ ముదురు నీలం. కవచం ఉక్కురంగు, దాని అంచున బయటికి కనిపించే ఎర్ర గుడ్డ, ఆ గుడ్డకు తెల్లటి చార. ఆ చార సన్నగా పడితే బొమ్మ లేచి నిలబడుతుంది. 25 మి.మీ.లో నీలాన్ని సీసాలో ఉన్నట్టే వేస్తే నల్లగా కనిపిస్తుంది. మడతల అంచులకు బూడిదరంగు కలిపిన నీలం అద్దండి. కవచానికి నలుపు ప్రైమర్ మీద, తుడిచిన ఆరిన బ్రష్‌తో వెండిరంగు రాసుకుంటూ పోతే చాలు.

గుర్రాలకు ఆయిల్ రంగు మించింది లేదు. లేత ఇసుకరంగు, ఇటుకరంగు, లేత గోధుమ, ఇలా వేర్వేరు అక్రిలిక్ పూతలు వేసి బాగా ఆరనివ్వండి. పైన బర్న్ట్ అంబర్ ఆయిల్ రంగు పలచగా పూసి, పావుగంట తర్వాత స్పాంజి ముక్కతో వీపు నుంచి కిందికి తుడవండి. కండరాల గుంటల్లో ముదురు నిలుస్తుంది, ఎత్తుల మీద అడుగు రంగు తేలుతుంది. ఒకే ట్యూబుతో పది గుర్రాలు పది ఛాయల్లో వస్తాయి. ఆరడానికి వారం ఇవ్వండి. బే (ఎర్రగోధుమ ఒళ్లు) గుర్రానికి జూలు, తోక, మోకాళ్ల కింద నలుపు. చెస్ట్‌నట్ (ఒళ్లంతా ఎర్రగోధుమ) అయితే జూలు ఒంటిరంగే, లేదా ఇంకా లేత, కాళ్లకు నలుపు ఉండదు. చాలామంది తప్పేది ఇక్కడే. తెల్లకాలు వేస్తే ఆ గిట్ట కూడా లేతరంగులో వేయండి. బాకా ఊదేవాడికి తెల్ల గుర్రం ఇవ్వండి, దళంలో కంటికి వెంటనే దొరుకుతాడు.

నెల్లూరు నుంచి మరొకరు: నవంబరులో మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే చేస్తే బొమ్మలు తెల్లగా మంచు పట్టినట్టయ్యాయి.

గాలిలో తేమ పూతలో చిక్కుకుంది. గీకకండి, ఎండకాసిన రోజున గ్లాసీ (మెరిసే) వార్నిష్ ఒక పూత వేస్తే చాలావరకు తెలుపు పోతుంది. దానిమీద మ్యాట్‌ను బ్రష్‌తో వేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఈశాన్య రుతుపవనాల్లో స్ప్రే డబ్బా ముట్టకపోవడం మేలు. మే నెల మధ్యాహ్నం కూడా వద్దు, రంగు గాల్లోనే ఆరి ఇసుకలా గరుగ్గా పడుతుంది.

చీమకుర్తి నుంచి: పీఠాలకు ఏం వాడాలి?

ఒక్కో రౌతుకు 25 × 50 మి.మీ., రెండు మి.మీ. మందం ప్లాస్టిక్ షీటు. ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన పలక) వద్దు, కారణం మొదటి జవాబులోనే ఉంది. నేలకు మీ ఊరి గ్రానైట్ పొడి జల్లెడపట్టి వాడండి, రాళ్లకు మార్కాపురం పలక విరిచిన పెచ్చులు. మైపాడు, కొత్తపట్నం ఇసుక అయితే మంచినీళ్లలో మూడుసార్లు కడగాలి, ఉప్పు మిగిలితే తేమ లాగుతుంది. ఇసుకను ఫెవికాల్‌తో కాకుండా అరాల్డైట్‌తో పట్టించండి.