ఆయాసానికి గుండె డాక్టరా, ఊపిరితిత్తుల డాక్టరా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా అమ్మగారికి 61 ఏళ్లు. ముప్ఫై ఏళ్లకు పైగా కట్టెల పొయ్యి మీదే వండారు. నాలుగేళ్లుగా దగ్గు, పొద్దున లేవగానే కళ్లె, మెట్లెక్కితే ఆయాసం. గుండె జబ్బేమోనని ఈసీజీ, ఎకో తీయించాం; బాగానే ఉన్నాయన్నారు. చలికాలంలో మా ఊరి ఆర్‌ఎంపీ గారు రెండు ఇంజెక్షన్లు చేస్తే నాలుగు రోజులు తేరుకుంటారు, మళ్లీ మామూలే. ఇప్పుడు పల్మనాలజిస్టుకు (ఊపిరితిత్తుల డాక్టరుకు) చూపించమంటున్నారు. ఇన్‌హేలర్ పెడతారనీ, ఒకసారి మొదలుపెడితే ఇక మానలేమనీ అమ్మ భయపడుతున్నారు. పది రోజుల క్రితమే కంటి శుక్లం ఆపరేషన్ కూడా అయింది. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, వినుకొండ

జవాబు: ఆయాసం గుండె వల్ల రావచ్చు, ఊపిరితిత్తుల వల్ల రావచ్చు, ఒక్కోసారి కేవలం రక్తహీనత వల్ల కూడా రావచ్చు కాబట్టి మీరు ముందు గుండె పరీక్షలు చేయించడం తప్పేమీ కాదు. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట కట్టెల పొయ్యి. బీడీ, చుట్ట ముట్టని ఆడవాళ్లకు సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకైపోయి ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఎలా వస్తుందని చాలామంది ఆశ్చర్యపోతారు గానీ, గాలి ఆడని వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని దశాబ్దాల పాటు పీల్చిన పొగ శ్వాసనాళాలను ఇరుకు చేయడానికి చాలు. 1999లో దీపం పథకం కింద గ్యాస్ వచ్చాక కూడా, సిలిండరును చుట్టాలొచ్చిన రోజుకని అట్టేపెట్టి రోజువారీ వంట కట్టెల మీదే కానిచ్చిన ఇళ్లు మనకు తెలియనివి కావు. మీ ఇంట్లో నీళ్లు కాగేది ఇప్పటికీ కట్టెలతోనే అయితే, కనీసం ఆ పొయ్యి దగ్గరికి అమ్మగారిని వెళ్లనివ్వకండి.

అయితే ఉత్తరం చదివి నేను సీఓపీడీ అని తేల్చేయలేను. అది పెద్ద వయసులో బయటపడిన ఉబ్బసం కావచ్చు, ఎప్పుడో వచ్చి తగ్గిన క్షయ మిగిల్చిన మచ్చల ఫలితం కావచ్చు. అది తేల్చడానికే పల్మనాలజిస్టు. పేరు పక్కన ఎండీ రెస్పిరేటరీ మెడిసిన్, ఎండీ పల్మనరీ మెడిసిన్ లేదా అదే విభాగంలో డీఎన్‌బీ ఉందేమో చూడండి; పాత తరం వారికి డీటీసీడీ అనే డిప్లొమా ఉంటుంది. ప్రైవేటుగా చూపించే స్తోమత లేకపోతే దిగులు పడనక్కరలేదు. వైద్య కళాశాలల బోధనాసుపత్రుల్లో ఈ విభాగం ఉంటుంది, మీకు మంగళగిరి ఎయిమ్స్ కూడా అందుబాటులోనే ఉంది. హైదరాబాద్ వారికి ఎర్రగడ్డలో, విశాఖ వారికి ఆ ఊళ్లోనే ప్రత్యేకంగా ఛాతీ ఆసుపత్రులు ఉన్నాయి.

వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రే ఫిల్ములన్నీ తీసుకెళ్లండి. కొత్తది ఉంది కదా అని పాతవాటిని పారేస్తుంటారు గానీ, ఇప్పుడు కనిపించే మచ్చ పదేళ్ల క్రితమూ ఉందో లేదో చెప్పగలిగేది ఆ పాత ఫిల్మే. ఆర్‌ఎంపీ గారితో తగవు పెట్టుకోకుండా, ఏ ఇంజెక్షన్లు చేశారో ఒక చీటీ మీద రాయించుకోండి. అంత త్వరగా గుణం కనిపించిందంటే వాటిలో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. అవసరమైనప్పుడు అది ప్రాణం నిలిపే మందే, కానీ ఏటా తెలియకుండా తీసుకుంటూ పోతే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

అక్కడ ముఖ్యంగా చేసేది స్పైరోమెట్రీ. ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం ఉంచి, గుండెల నిండా గాలి పీల్చి ఒక్కసారిగా బలంగా ఊదమంటారు. టెక్నీషియన్ పక్కనే నిలబడి ‘ఊదండి, ఊదండి, ఇంకా ఇంకా’ అని కేకలు వేస్తుంటే మన పెద్దవాళ్లు బిడియపడి మధ్యలోనే ఆపేస్తారు. కనీసం ఆరు సెకన్ల పాటు, ఊపిరితిత్తులు ఖాళీ అయిపోయాయనిపించేదాకా ఊదాలి, అదీ కనీసం మూడుసార్లు సరిగ్గా రావాలి. ‘ఇన్నేళ్లూ ఊదుగొట్టంతో పొయ్యి ఊదావు కదమ్మా, ఇదీ అంతే’ అని ఇంటి దగ్గరే ఒకసారి చెప్పి తీసుకెళ్లండి. ఆ తరువాత శ్వాసనాళాలను వదులు చేసే మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. మందు ఇచ్చాక కూడా, ఊదిన మొత్తం గాలిలో మొదటి సెకనులో బయటికొచ్చేది 70 శాతం కన్నా తక్కువగానే ఉంటే సీఓపీడీ వైపు, మందుతో బాగా మెరుగుపడితే ఉబ్బసం వైపు డాక్టరు మొగ్గుతారు. ఇంత గట్టిగా ఊదితే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది కనుక శుక్లం ఆపరేషన్ సంగతి లోపలికి వెళ్లగానే చెప్పండి. కొన్నాళ్లు ఆగి రమ్మంటే విసుక్కోకండి.

ఇక ఇన్‌హేలర్ భయం. శ్వాసనాళాలను వదులు చేసే సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములైతే, ఇన్‌హేలర్ ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు, అంటే మాత్రలో నలభయ్యో వంతు. మందు నేరుగా అవసరమైన చోటికే చేరుతుంది కాబట్టి అంత కొంచెంతోనే పని జరుగుతుంది. మాత్రతో వచ్చే చేతుల వణుకు, గుండెదడ దీనితో బాగా తక్కువ. ఇది అలవాటయ్యే మందు కాదు. రోజూ వాడవలసి వస్తే అది జబ్బు దీర్ఘకాలికం కావడం వల్లే. బీపీ మాత్రను రోజూ వేసుకునేవారిని మనం వ్యసనపరులని అనం కదా.

నేను భయపడేది మరో విషయానికి. ఇన్‌హేలర్‌లో పెట్టి పీల్చవలసిన పొడి మందు క్యాప్సూళ్లు ఇచ్చి పంపితే, నెల తరువాత వచ్చి ‘ఏం గుణం కనపడలేదండీ’ అన్న పెద్దాయనను ఎలా వాడుతున్నారని అడిగాను. పూటకొకటి చొప్పున మంచినీళ్లతో మింగుతున్నానన్నారు! తప్పు ఆయనది కాదు, చేసి చూపించని మాది. అందుకే మీ అమ్మగారి చేత డాక్టరు ఎదుటే ఒకసారి వాడించి గానీ గది దాటకండి. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ అయితే, పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలని కూడా గుర్తుచేయండి.

అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడని సందర్భాలున్నాయి. కళ్లెలో రక్తం పడినా, పెదవులు నీలంగా మారినా, ఒక వాక్యం పూర్తిగా పలకలేనంత ఆయాసం వచ్చినా వెంటనే దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. రాత్రిపూట పిల్లికూతలు వస్తాయి. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేప మందు వేయిస్తే ఇన్‌హేలర్ మానేయవచ్చని బంధువులంటున్నారు.
ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: మానేయకండి. నాంపల్లి మైదానానికి నమ్మకంతో వచ్చే వేల మందిని నేను తక్కువ చేయను గానీ, ఆ మందుతో ఉబ్బసం నయమవుతుందని శాస్త్రీయ పరీక్షల్లో రుజువు కాలేదు. ఆయాసపడుతున్న పిల్లవాడి చేత బతికున్న కొరమీనును మింగించడాన్ని డాక్టరుగా నేను ఒప్పుకోలేను. రాత్రులు పిల్లికూతలతో లేస్తున్నాడంటే ఇప్పుడు వాడుతున్న మందు చాలడం లేదని, లేదా సరిగా లోపలికి వెళ్లడం లేదని అర్థం. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి డబ్బా) వాడుతున్నాడో లేదో చూసుకుని ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: నా భర్త గూడూరు దగ్గర పలుగురాయి పొడిచేసే మిల్లులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నారు. మూడు వారాలుగా పొడిదగ్గు, మనిషి చిక్కిపోతున్నారు. ఎవరికి చూపించాలి?
ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రేపే వెళ్లండి. రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష చేయించాలి. పరీక్షా, మందులూ ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. పొడిదగ్గు అంటున్నారు కాబట్టి పొద్దున్నే గట్టిగా దగ్గి, ఉమ్మి కాకుండా లోపలి కళ్లె డబ్బాలో పడేలా చూడాలి. పలుగురాయి దుమ్ము వల్ల సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, అది ఉన్నవారికి క్షయ ముప్పు మరీ ఎక్కువ. అందుకని పరీక్ష ఫలితం ఎలా వచ్చినా ఛాతీ ఎక్స్‌రేతో పల్మనాలజిస్టును కలవండి. ఆయన అడగకపోయినా పన్నెండేళ్ల మిల్లు పని గురించి మీరే చెప్పి, చీటీలో రాయించండి. సిలికోసిస్‌ను చట్టం వృత్తి వ్యాధిగా గుర్తించింది, రేపు నష్టపరిహారం అడగవలసి వస్తే ఆ చీటీయే ఆధారం. ఈలోగా ఆయన్ను మిల్లుకు పంపకండి. ముక్కుకు కట్టుకునే తువ్వాలు ఆ దుమ్మును ఆపదు.