కాలేయపు చీముగడ్డ: వైద్యురాలైన మేనకోడలికి లేఖ

గుంటూరు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

విజయవాడలో మెడిసిన్ వార్డు బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి ఈ సంగతి రాయాలనుకుంటున్నాను. పది రోజులుగా చలిజ్వరం, కుడి డొక్కలో నొప్పి అంటూ వచ్చిన రోగికి విడాల్ పరీక్ష రాసి, టైఫాయిడ్ మందు మొదలుపెట్టే ముందు, అతడి కుడి పక్కటెముకల సందుల్లో వేలితో నొక్కి చూడమ్మా. ఒక్క చోట నొక్కగానే ఉలిక్కిపడితే అది కాలేయంలో చీముగడ్డ కావచ్చు, ఆ రోజే అల్ట్రాసౌండ్ చేయించు.

ఇది నేను పొరపాటు చేసి నేర్చుకున్నది. మిర్చి యార్డులో బస్తాలు మోసే యువకుడొకడు దగ్గుతో, కుడి భుజం నొప్పితో వస్తే, ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగున నీరు చూసి న్యుమోనియా అనుకొని నాలుగు రోజులు పోగొట్టాను. కాలేయం పైభాగాన ఉన్న గడ్డ డయాఫ్రమ్‌ను, అంటే ఛాతీకి పొట్టకు మధ్య ఉండే కండర పొరను, ఒరుసుకుంటే నొప్పి భుజంలో తెలుస్తుందని, కల్లు తాగేవారిలో ఈ గడ్డ ఎక్కువని చదివి ఉండి కూడా, కల్లు అలవాటుందా అని అతణ్ణి అడగలేదు. కామెర్లు లేవు, విరేచనాలు లేవు కదా అని నిశ్చింతగా ఉండకు. పేగులో చేరే అమీబా అనే సూక్ష్మజీవి వల్ల ఈ గడ్డ వచ్చినవారిలో చాలామందికి ఆ రెండూ ఉండవు, మలపరీక్షలోనూ ఏమీ దొరకకపోవచ్చు.

అది అమీబాదో బాక్టీరియాదో స్కాన్ ఒక్కటే తేల్చదు. వయసు మళ్లినవారు, షుగరు ఉన్నవారు, పిత్తనాళంలో రాళ్లున్నవారు అయితే బాక్టీరియాను అనుమానించి, యాంటీబయాటిక్ మొదటి మోతాదుకు ముందే రక్తం కల్చర్‌కు, అంటే అందులోని బాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు, పంపు. వారికి సాధారణంగా చీము తీయించి, వారాల తరబడి మందులు ఇవ్వవలసి వస్తుంది. అమీబా గడ్డకైతే మెట్రోనిడజోల్ 800 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు ఇస్తే చాలామంది మూడు నాలుగు రోజుల్లో తేరుకుంటారు. అలా తేరుకోకపోయినా, గడ్డ పెద్దదై పగిలేలా ఉన్నా, కాలేయం ఎడమ భాగంలో ఉండి గుండె పొరలోకి పగిలే ప్రమాదమున్నా, సూదితో తీయించడానికి వెనుకాడకు. గొర్రెల మందలతో, కుక్కలతో మసలేవారిలో మాత్రం అది హైడాటిడ్ తిత్తి (కుక్కల నుంచి సోకే బద్దెపురుగు కట్టే నీటితిత్తి) కాదని తేల్చుకున్నాకే సూది పెట్టించు.

జ్వరం తగ్గి ఇంటికి పంపే రోజున పేగులో మిగిలిన అమీబా సంగతి మరచిపోవడం చాలాసార్లు చూశాను. దానికి పేగులోని అమీబాను చంపే డైలోక్సనైడ్ 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, 10 రోజులు రాయి. మెట్రోనిడజోల్ వాడినన్నాళ్లూ, ఆపాక మరో మూడు రోజులూ కల్లు, సారా ముట్టరాదని రోగితో పాటు అతడి ఇంటావిడకు కూడా చెప్పు. స్కాన్‌లో గడ్డ ఆనవాలు నెలల తరబడి కనిపిస్తుంది. మనిషి బాగా తింటూ పనికి వెళుతుంటే, దాన్ని చూసి కంగారుపడి మందులు మళ్లీ మొదలుపెట్టకు.

ఇట్లు,
నీ మేనమామ