గదులు కడతామని విరాళం తీసుకుని కారు కొన్నారు, డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది చిన్న వ్యాపారం. అమ్మకాల్లో కొంత, కౌంటర్ మీద పెట్టిన డబ్బాలో కస్టమర్లు వేసిన డబ్బు కొంత కలిపి, దిక్కులేని పిల్లలకూ నిలువ నీడలేని ఆడవాళ్లకూ ఆశ్రయమిచ్చే ఒక సంస్థకు నాలుగేళ్లుగా ఇస్తున్నాం. ఆడవాళ్లకు గదులు కడతామని మూడు విడతల్లో పెద్ద మొత్తం తీసుకున్నారు. గదులు లేవు, కారు కొన్నారు. రసీదులన్నీ నా పేరు మీదే, 80జి (విరాళాలకు దొరికే పన్ను మినహాయింపు) కూడా వాడుకున్నాను. మా ఆవిడ ఆ పిల్లల్ని సొంత బిడ్డల్లా చూసుకుంది, ఇప్పుడు మంచం పట్టినంత పనైంది. డబ్బు వెనక్కి వస్తుందా? అక్కడి పిల్లల వీడియోలు ఫేస్‌బుక్‌లో పెట్టి వాళ్ల పరువు తీయాలనుంది.

జవాబు: మీ ఉత్తరంలో కేసుకు పనికొచ్చే ముక్క ఒక్కటే, 'గదులు కడతామని తీసుకున్నారు' అన్నది. ఆ మాట ఏ కాగితం మీద ఉందో మాత్రం రాయలేదు. మామూలు విరాళంగా ఇచ్చి ఉంటే ఆ డబ్బు వాళ్లదైపోయింది, కారు కొన్నా కుర్చీలు కొన్నా మనసు మారిందని వెనక్కి అడగడానికి లేదు. గదులకే అని ఇచ్చినట్టు రుజువుంటే వాళ్లు ఆ సొమ్ముకు కాపలాదార్లే గానీ యజమానులు కారు.

కాబట్టి ముందు కాగితాలు వెతకండి. గదుల కోసం చందా అడుగుతూ వాళ్లు పంచిన కరపత్రం, బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌లో మీరు రాసిన రిమార్కు, వాట్సాప్ మెసేజీలు (ఫోన్ మార్చకండి, చెరపకండి, కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి). అన్నిటికంటే ముఖ్యం 10బిఈ. సంస్థ ఏటా మీకివ్వాల్సిన విరాళం సర్టిఫికెట్ అది, అందులో విరాళం ఏ రకమో రాసి ఉంటుంది. 'స్పెసిఫిక్ గ్రాంట్' (ఫలానా పనికే ఇచ్చినది) అని ఉంటే మీ పంట పండినట్టే. 'అదర్స్' (ఇతరాలు) అని ఉంటే అవతలి వకీలు మొదట చూపించేది అదే.

ఇక గడువు. డబ్బు వసూలు దావాకు మామూలుగా మూడేళ్లు. మొదటి విడత నాలుగేళ్ల నాటిదైతే దాని మీద ఆశ దాదాపు వదులుకోండి. మిగతా విడతలకు మూడేళ్లు నిండకముందే వాళ్ల చేత సంతకంతో బాకీ ఒప్పుకుంటూ రాయించుకుంటే, ఆ సంతకం రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. ఫోన్లో 'చూద్దాం సార్' అన్నది లెక్కలోకి రాదు. ఫలానా పనికి అప్పగించిన సొమ్ము విషయంలో ట్రస్టీకి గడువు అడ్డురాదని లిమిటేషన్ చట్టం 10వ సెక్షన్ ఉంది గానీ, దాని కిందికి రావాలన్నా మళ్లీ అదే కాగితం కావాలి.

ఇప్పుడు మీ సంగతి. డబ్బాలో పడిన డబ్బు మీదెలా అయింది? కస్టమర్లు మీ చేతికిచ్చింది పిల్లలకు చేర్చమని, దాన్ని మీ పేరు మీద చూపించి పన్ను మినహాయింపు తీసుకోవడమేమిటి? ఎదుటివాళ్లను లెక్కలడగబోయే మనిషి ఇంత నిర్లక్ష్యంగా ఉంటే ఎలా? పైగా నగదుగా ఇచ్చిన విరాళం 2,000 రూపాయలు దాటితే 80జి అసలు వర్తించదు. దావాకు ముందే ఆడిటర్ని కలిసి అప్‌డేటెడ్ రిటర్న్‌తో (పాత పన్ను రిటర్న్‌లో తప్పు దిద్దుతూ మళ్లీ వేసేది) సరిచేసుకోండి. లేదంటే క్రాస్‌ ఎగ్జామినేషన్లో మొదటి ప్రశ్న అదే అవుతుంది.

వీడియోల జోలికి మాత్రం చస్తే వెళ్లకండి. ఆశ్రయంలో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టేలా ఏ వివరం బయటపెట్టినా జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండు లక్షల వరకూ జరిమానా, లేదా రెండూ. మొహం బ్లర్ చేసినా పేరో స్కూలో తెలిసిందంటే చాలు. దానికి తోడు పరువునష్టం కేసు. బాధితుడు ముద్దాయి కావడానికి ఒక్క పోస్టు చాలు. పిల్లల్ని నిజంగా సరిగా చూడట్లేదని అనుమానముంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి.

చేయాల్సిందల్లా, వకీలు ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, గదుల డబ్బుకు లెక్క చూపమని, గదులు ఎప్పటికి కడతారో రాసివ్వమని అడగండి. పలకకపోతే, అది పబ్లిక్ ట్రస్టు అయితే, ఆసక్తి ఉన్న ఇద్దరు కలిసి కోర్టు అనుమతితో సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 92వ సెక్షన్ కింద దావా వేయొచ్చు. లెక్కలు తీయించొచ్చు, ట్రస్టీలను మార్చమనొచ్చు. డబ్బు మీ జేబులోకి రాదు గానీ, గదులు పైకి లేచే అవకాశం ఉంది. మీతో చందా వేసిన కస్టమర్లలో ఒకరిని రెండో మనిషిగా ఇప్పుడే అడిగి ఉంచండి.

రెండో విడత ఏ తేదీన ఇచ్చారో ఉత్తరంలో లేదు. దానికి మూడేళ్లు నిండాయో లేదో ఈ వారంలోనే పాస్‌బుక్ తీసి చూడండి.