ఊళ్లో అందరినీ ఒక తాటిమీదికి తేవడం ఎలా?

"మీటింగ్ పెడితే పదిమంది కూడా రావట్లేదు, ఏం చేయాలి?" అని అడిగారు. ముందు మీటింగ్ మాట పక్కన పెట్టండి.

నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి చూడండి. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్లు పగలంతా కూలికి పోయి, రాత్రిపూట పలకలు పట్టుకుని అక్షరాస్యత తరగతుల్లో కూర్చునేవాళ్లు. చదువుకునే పాఠంలో సారా గొడవ వచ్చింది. కూలి డబ్బులు సారా కొట్టుకు పోతున్నాయన్న ఏడుపు ఇంటింటా ఉన్నదే. నలుగురూ కూర్చుని చెప్పుకునే చోటు మాత్రం అప్పుడే దొరికింది. ఆ ఊరి రోశమ్మ లాంటివాళ్లు ముందుకొచ్చి కొట్టు మూయించారు, పక్క ఊళ్లూ అందుకున్నాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలూ ఆ జిల్లాలో ఆ ఊపులోనే పెరిగాయి. రూపాయి చిన్నదే, కానీ దాని లెక్క చూసుకోవడానికి తరచూ కలవక తప్పదు కదా!

మీరూ జనం ఎలాగూ చేరే చోటే పట్టుకోండి. పొద్దున్నే పాలకేంద్రం దగ్గర క్యాన్లతో నిలబడే పది నిమిషాలు చాలు. చెరువు కాలువలో పూడిక తీయడం లాంటి, రెండు రోజుల్లో తేలిపోయే పని ఎత్తుకోండి. ఆయకట్టు చివరి రైతును మొదట కదపండి, నీళ్లందక తిప్పలు పడేది ఆయనే. చందాల లెక్క రాసి రచ్చబండ దగ్గర అంటించండి, ఊళ్లు చీలేది డబ్బు దగ్గరే. ఎన్నికల ముందు మాత్రం మొదలుపెట్టకండి, పట్టిన ప్రతి పారకూ ఏదో ఒక పార్టీ రంగు పూసేస్తారు.