నోటుపుస్తకంలో రెండో గడి

బైరాగిపట్టెడ, తిరుపతి
26 ఏప్రిల్ 2021

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు హడావిడిగా అడిగావు, నేను అంతకంటే హడావిడిగా పెట్టేశాను. కట్టమంచిలో మీ వీధి వాళ్లంతా కలిసి ఈ కరోనా రోజుల్లో ఒకరికొకరు సాయపడాలనుకుంటున్నారు. ముందు బియ్యం కొనాలా, వేలికి పెట్టి ఒంట్లో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్లు కొనాలా అన్నావు. ముందు ఒక నోటుపుస్తకం కొనమ్మా.

పోయిన ఏడాది మేం చేసిన తప్పు చెబుతాను. మార్చి 20న కొండపై దర్శనాలు ఆపేశారు. జూన్‌లో మళ్లీ తెరిచేదాకా దాదాపు 80 రోజులు. కొండకు భక్తులు రాకపోతే ఈ ఊళ్లో ఎన్ని పొయ్యిలు ఆరిపోతాయో ఇక్కడే పుట్టి పెరిగిన నాకే అప్పటిదాకా తెలియదు. జీపు డ్రైవర్లు, లాడ్జీల దుప్పట్లు ఉతికేవాళ్లు, పూసలు అమ్మేవాళ్లు, టెంకాయల కొట్లలో కూలికి ఉండేవాళ్లు, అందరూ ఒకేసారి ఇళ్లలో కూర్చున్నారు. మేమేమో రేషన్ కార్డుల జాబితా పట్టుకుని బయలుదేరాం. కార్డు ఉన్నవాళ్లకు ప్రభుత్వం బియ్యం ఇచ్చింది, ఏప్రిల్‌లో వెయ్యి రూపాయలూ ఇచ్చింది. అసలు కార్డే లేనివాళ్లు ప్రభుత్వ జాబితాలోనూ లేరు, మా జాబితాలోనూ లేరు.

ఆ సంగతి మాకు చెప్పింది పూసలు అమ్మే ఒకామె. ఐదు కిలోల బియ్యం, కిలో కందిపప్పు సంచిలో వేసి ఇస్తే తీసుకుని, ‘నా పేరు ఎదురుగా ఇంకేం రాస్తారు?’ అని అడిగింది. ఇంకేమీ రాయం అన్నాను. ‘రైలు స్టేషను వెనక ఎవరు తిన్నారో ఎవరు తినలేదో నాకు తెలుసు, అది రాసుకోండి’ అంది. అప్పుడు గీశాం రెండో గడి. మొదటి గడిలో ఏం కావాలి, రెండో గడిలో ఏం చేయగలరు. ఏ పేరు ఎదురుగానూ రెండో గడి ఖాళీగా వదలకు. జీపు డ్రైవరు పేరు ఎదురుగా రోగులను రాత్రిపూట ఆసుపత్రికి దింపడం అని, మంచం దిగలేని తాత పేరు ఎదురుగా ఒంటరివాళ్లకు రోజూ ఫోను చేసి పలకరించడం అని రాశాం. ఆ తాత మా అందరికంటే పద్ధతిగా చేశాడు!

మొదటి గడిని కూడా నీ ఊహతో నింపకు. మేం బియ్యం అనుకున్నచోట వాళ్లు గ్యాస్ బండ అడిగారు, షుగరు మాత్రలు అడిగారు, ఒక అమ్మాయి సిగ్గుపడుతూ నెలసరి ప్యాడ్లు అడిగింది. ఇచ్చేటప్పుడు ఫోటోలు వద్దు. మేం మొదటి వారం తీశాం. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు సంచిని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఫోటో నా ఫోనులో ఇంకా ఉంది. డబ్బు లెక్క మాత్రం రోజూ సాయంత్రం గోడకు అంటించండి, ఇద్దరి సంతకాలతో.

ఇక అసలు కష్టమైనది. మా వెనక వీధిలో మణిపూర్ అమ్మాయిలు ఇద్దరు బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తూ అద్దెకు ఉండేవారు. వాళ్ల ముఖాలు చూసి పిల్లలు ‘కరోనా, కరోనా’ అని అరిచేవారు. ఇంటి యజమాని గది ఖాళీ చేయమన్నాడు. నేను కోపం ఆపుకోలేక నడివీధిలో ఆయన్ని కడిగేశాను. పది మంది చేరారు. ఆ రాత్రే ఆ అమ్మాయిల వాటాకు నీళ్లు ఆగిపోయాయి. నా నోటి దురుసుకు వాళ్లు బిందెలు మోశారు.

మర్నాడు ఆయన స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని ఆయన ఇంట్లోనే కూర్చుని మాట్లాడాను. మీ భయం ఏమిటని అడిగాను. ఇంట్లో ఆయాసం ఉన్న తల్లి ఉందట. సరే, రోజూ పొద్దున నేనే వచ్చి అందరి జ్వరం చూస్తాను, మీ అమ్మగారితో మొదలుపెట్టి, అన్నాను. ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన పుణ్యం అలా పనికొచ్చింది. విద్యార్థులను, కూలీలను బలవంతంగా ఖాళీ చేయిస్తే యజమానిపై చర్య తీసుకోవాలని కేంద్ర హోంశాఖ 2020 మార్చి 29న ఉత్తర్వు ఇచ్చింది. ఆ కాగితం నా సంచిలోనే ఉంది కానీ బయటికి తీయలేదు. నువ్వూ దగ్గర పెట్టుకో. మాట వినని చోట తీయాల్సిందే.

ఢిల్లీ నిజాముద్దీన్‌లో జరిగిన ముస్లింల సమావేశం నుంచి కరోనా పాకిందన్న వార్తల తర్వాత అరటిపళ్ల బండి సాయిబును మా వీధిలోకి రానివ్వలేదు. నెలల తర్వాత ఇక్కడ కోవిడ్‌తో పోయినవాళ్లను సొంతవాళ్లే ముట్టుకోనప్పుడు, ముస్లిం కుర్రాళ్లు ముందుకొచ్చి మోశారు. అది చూసి మా వీధివాళ్లు ‘మంచివాళ్లే’ అన్నారు. నాకు ఒళ్లు మండింది. మన శవాలు మోస్తే తప్ప అరటిపళ్లు అమ్ముకునే హక్కు లేదా ఆయనకు?

మొన్న 21 తెల్లవారుజామున మీ బావ అమెరికాలోని మినియాపొలిస్ నుంచి ఫోను చేశాడు. నల్లజాతి మనిషి జార్జ్ ఫ్లాయిడ్ మెడపై మోకాలు పెట్టి చంపిన పోలీసును జ్యూరీ దోషిగా తేల్చిందని గొంతు వణుకుతూ చెప్పాడు. పోయిన మే నెలలో అక్కడ లేక్ స్ట్రీట్ దుకాణాలు తగలబడినప్పుడు, నిరసనకు వెళ్లినవాళ్లే ఇరుగుపొరుగుకు సరుకులు చేరవేశారు. వీడూ బియ్యం బస్తా తీసుకుని వెళితే, ముందు జాబితా చూసి రమ్మన్నారట, కావలసినవి పసిపిల్లల డైపర్లట! నాకు సంతోషమే. కానీ ఇక్కడ మనం చేసిందేమిటి? వీధి ఊడ్చే కార్మికులకు మేం పూలదండలు వేసి చప్పట్లు కొట్టాం, గ్లౌజులు ఇవ్వలేదు, మంచినీళ్లు వేరే సీసాలో పెట్టాం. ఆ సీసా మా గేటు దగ్గరే ఉండేది.

ఆక్సీమీటరు గురించి ఒక మాట. అందులో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితే 108కి ఫోను చెయ్యి, ఆసుపత్రిలో పడక కోసం 104కి. అంకె బాగుంది కదా అని నిశ్చింతగా ఉండకు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం వైద్యులు గత డిసెంబరులో ప్రచురించారు. ఈ యంత్రం గుర్తించలేకపోయిన ఆక్సిజన్ లోపం తెల్లవారికంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించిందట. మనది కూడా చామనచాయ, నలుపు ఒళ్లే. గోళ్ల రంగు, గోరింటాకు ఉన్న వేలు పెట్టవద్దు. ఒక్క అంకె చూసి వదిలేయక, పూట పూటకూ రాసుకో. మనిషి నాలుగు మాటలు ఊపిరి తీసుకోకుండా చెప్పగలడో లేదో చూడు, పెదవుల రంగు చూడు.

రెండు ఆక్సీమీటర్లు ఆర్టీసీ కార్గోలో పంపుతున్నాను, బ్యాటరీలు విడిగా చుట్టాను. పాత నోటుపుస్తకం కూడా అందులోనే ఉంది. పేర్లున్న పేజీలు చించేశాను, గడులు ఎలా గీశామో చూసుకోవడానికి మిగతావి ఉంచాను. మొన్నటి నుంచి రాత్రి పదికి కర్ఫ్యూ కదా, భోజనం క్యారియర్లు ఎనిమిదికల్లా గేట్ల దగ్గర పెట్టేయండి. మీ అమ్మను వంట దగ్గర కూర్చోబెడితే మాత్రం పప్పులో కారం తగ్గించమని చెప్పు. జ్వరం ఉన్నవాళ్లు తినలేరు.

మీ అత్తయ్య